చేదుపట్టీ

ఆ ల్యాబ్‌లో నా ఉద్యోగం పేరు పరిశీలకురాలు. చేసే పనిలో సగం బకెట్లు కడగడం.

నీలం రంగు ప్లాస్టిక్ బకెట్లు పన్నెండు ఉండేవి, ఒక్కో కుర్చీ పక్కన ఒకటి. ఉదయం తొమ్మిదికి డిగ్రీ పిల్లలు వచ్చి కూర్చునేవారు. చెవి వెనక పట్టీ అంటించి, హెడ్‌ఫోన్లు పెట్టి, ఇంగ్లీషు వాక్యాలు వినిపించేవాళ్ళం. పదిన్నరకల్లా గదినిండా పులిసిన ఇడ్లీ, అల్లం పచ్చడి, కడుపులోని పసరు కలిసిన వాసన వచ్చేది. ఫినాయిలు పోసి కడిగితే అది పోదు, దానికి ఫినాయిలు వాసన తోడవుతుంది. సాయంత్రం హాస్టల్‌కి వెళ్ళి రెండుసార్లు స్నానం చేసినా, అన్నం ముద్ద నోటిదాకా తెచ్చుకునేసరికి వేళ్ళకి అదే వాసన తగిలేది.

డాక్టర్ ఉమాపతిగారు మాత్రం ఆ గదిలోనే టిఫిను తినేవారు. బకెట్లోకి తొంగి చూసి, ఇది మూడో స్థాయి, రాసుకో అని చెప్పి, అదే చేత్తో దోసె తుంచుకునేవారు. చట్నీ మీసానికి అంటుకునేది. నేను తల వంచుకుని రాసుకునేదాన్ని.

పలాస నుంచి వచ్చిన హైమావతి అనే అమ్మాయి నాకు బాగా గుర్తు. మొదటిరోజు, పట్టీ లేకుండా, ఆమెకి ఒక ఇంగ్లీషు వాక్యం ఇచ్చాం. ఒకాయన తన గుండెని చొక్కా చేతికి తగిలించుకుని తిరుగుతాడని ఆ వాక్యం. ఆయనకి ప్రమాదం జరిగింది అని రాసింది హైమావతి. మూడో వారం, పట్టీ పెట్టుకుని, అదే వాక్యం మళ్ళీ విన్నది. వింటూనే భుజాలు కుదించుకుని బకెట్ మీదికి వంగింది. తడిగా, ఇంకా కొట్టుకుంటూ, చొక్కా చేతికి వేలాడుతున్న గుండె ఆమెకి కళ్ళముందు కనబడిందట. మూతి తుడుచుకుని, సరైన జవాబు రాసింది. మనసులో ఉన్నది దాచుకోలేని మనిషి అని.

డాక్టర్‌గారు చప్పట్లు కొట్టారు.

పట్టీ చేసే పని అంతే. విన్న మాటకీ ఉన్న లోకానికీ పొసగనప్పుడు మెదడులో ఒక చిన్న కుదుపు పుడుతుందట. ఇంగ్లీషులో పుట్టి పెరిగినవాళ్ళు ఆ కుదుపుని తెలియకుండానే పట్టుకుని, ఇది పైకి కనబడే అర్థం కాదు, లోపల ఇంకోటుంది అని గ్రహిస్తారు. మన పిల్లలకి ఇంగ్లీషులో ఆ కుదుపు బలంగా రాదు. పట్టీ దాన్ని పెద్దది చేసి నాలుక నరానికి అందిస్తుంది. మొదట్లో నాలుక చివర కొంచెం చేదు తగిలేది, అంతే. అందుకే పిల్లలు దాన్ని చేదుపట్టీ అన్నారు. కానీ చేదు వారంలో అలవాటైపోయింది. అప్పుడు డాక్టర్‌గారు చేదు తీసేసి ఓకరింత పెట్టారు. కూరలో ఈగ వచ్చిన ఇంట్లో మనిషి మళ్ళీ నిమ్మళంగా భోంచెయ్యలేడు నరసమ్మా, అసహ్యం నేర్పినంత గట్టిగా ఏ పంతులూ నేర్పలేడు అనేవారు. ఆరు వారాలయ్యాక పట్టీ తీసేసినా ఆ గుణం మిగిలిపోతుంది. ఆయన ఎక్కువ గర్వపడింది అందుకే.

నాకు ఆ పని మీద నమ్మకం ఉండేది. కారణం ఒక కప్ప.

తొమ్మిదో తరగతి ఇంగ్లీషు పాఠంలో ఒక ముసలాయన గొంతులో కప్ప ఉందని ఉండేది. గొంతు బొంగురుపోయిందని దానర్థమట. పరీక్షలో నేను, ఆయన్ని వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, నోరు తెరిపించి కప్పని బయటికి లాగాలి అని రాశాను. మాస్టారు ఆ జవాబుని మూడు సెక్షన్లలో చదివి వినిపించారు. పదో తరగతి అయ్యేవరకూ నన్ను అందరూ కప్పమ్మ అన్నారు. మా ఊళ్ళోంచి వచ్చే మరే పిల్లా కప్పమ్మ కాకూడదనుకునే బకెట్లు కడిగాను.

ల్యాబ్‌లో నేను చేసిన పెద్ద పని ఒకటుంది. పట్టీకి ముందుగా ఉన్నదున్నట్టు చెప్పే మాట ఎలా ఉంటుందో నేర్పాలి. అందుకు ప్రతి మనిషికీ తన సొంత భాషలో నలభై నిమిషాల సాదా మాటలు వినిపించాలి. ఆ టేపు తయారు చెయ్యమని నాకప్పగించారు. నేను ముందు రాజాం దగ్గరున్న మా ఊరు వెళ్ళి, ఫోన్ ఎదురుగా పెట్టి, మా అమ్మ ఎర్రమ్మని మాట్లాడించాను. ఇవాళ ఏం వండావంటే, "ఏటి వండుతాను, నా పేణం వండి పెట్టినా మీకు సాలదు" అంది. వాన పడుతుందా అంటే, "ఆ మబ్బుకి నొప్పులు వొచ్చేసినాయే, సాయంత్రానికి కనేస్తాది" అంది. రెండు గంటలు మాట్లాడింది. ఉన్నదున్నట్టు చెప్పిన వాక్యం ఒక్కటి దొరకలేదు.

అమ్మ మా చుట్టుపక్కల నాలుగూళ్ళలో శోకానికి పేరున్న మనిషి. ఎవరింట్లో చావు జరిగినా అమ్మ వెళ్ళి శవం పక్కన కూర్చుని రాగం ఎత్తుకుంటేనే మిగతా ఆడవాళ్ళకి ఏడుపు వచ్చేది. పోయినవాళ్ళని గొడుగు అనేది, గట్టు అనేది, కొంగున కట్టుకున్న దీపం అనేది. అలాంటి మనిషి మాటల్లో సాదా వాక్యాలు వెతకబోయింది నేనే.

ఆ రెండు గంటల రికార్డింగూ తుడిచేశాను. దాని బదులు బస్టాండులో వినిపించే ప్రకటనలు, ఎరువుల బస్తా మీద రాసే సూచనలు, రేషన్ డిపో బోర్డు, కరెంటు ఆఫీసు నోటీసులు సేకరించి చదివించాను. ఒక్క మాట కూడా వంకర పోకుండా ఏరాను. ఇంత శుభ్రమైన టేపు తను చూడలేదని డాక్టర్‌గారు మెచ్చుకున్నారు. మా ఇళ్ళల్లో ఎవరూ అలా మాట్లాడరని నాకు తెలుసు. తెలిసీ దాన్ని శుభ్రం అనుకున్నాను.

మా చెల్లి పైడితల్లి నర్సింగ్ చదివింది. విశాఖలో ఒక పెద్ద ఆసుపత్రి ఉద్యోగానికి ఇంగ్లీషు పరీక్ష పెడితే రెండుసార్లు తప్పింది. తప్పిందల్లా ఒకే భాగంలో, పైమాట ఒకటి, లోపలి అర్థం ఒకటి ఉండే వాక్యాల దగ్గర. మూడోసారి తప్పితే ఇక రాయనివ్వరు. ఒకరోజు హాస్టల్‌కి వచ్చి నా మంచం మీద కూర్చుని, ఆ పట్టీ ఏదో నాకూ పెట్టించు అప్పా అంది. ఓకరింత వస్తుందని చెప్పాను. ఆపరేషన్ గదిలో కాలు కోస్తుంటే పట్టుకున్నాను, నాకు ఓకరింతేటి అని నవ్వింది.

ఆమె చెవి వెనక పట్టీ నేనే అంటించాను. నా టేపే వినిపించాను.

ఆరు వారాలూ పైడి బకెట్ నేనే కడిగాను. పరీక్షలో ఆ భాగంలో నూటికి తొంభై ఎనిమిది వచ్చాయి. పట్టీ తీసేశాం. ఉద్యోగపు ఉత్తర్వు చూపిస్తూ నన్ను కావలించుకుంది. చిక్కిపోయినట్టు అనిపించింది. సినిమా పాటలు వినడం మానేశానని, వింటే నోట్లో ఎలుక చచ్చిన వాసన వస్తోందని మామూలుగా చెప్పింది. నేను కూడా మామూలుగానే విన్నాను.

పైడి ఉద్యోగంలో చేరాక, రెండో ఆదివారం ఇద్దరం ఊరు వెళ్ళాం. అమ్మ అప్పటికే వీధిలోకి వచ్చి నిలబడి ఉంది. పైడిని చూడగానే రెండు చేతులూ చాపింది.

"ఒచ్చిసినావా నా తల్లే. నీ కోసం సూసి సూసి కళ్ళు కాయలు కాసిపోనాయే."

పైడి అమ్మ ముఖంలోకి చూసింది. చూస్తూనే కళ్ళు గట్టిగా మూసుకుంది. తరవాత వంగి, అమ్మ పాదాల మీదే కక్కేసింది.

బస్సు పడలేదేమో అనుకున్నాం. అమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి, తన కాళ్ళు కడుక్కోకుండా పైడి మూతి కడిగింది. కడుగుతూ, నా బంగారు కొండ కరిగిపోయిందే, ఈ ఒంట్లో ఎముకలు తప్ప ఏటున్నాయే అని మొదలుపెట్టింది. పైడి మళ్ళీ కక్కింది. ఈసారి పసరు. ఎదురింటి సూరమ్మ గుమ్మంలోంచి చూస్తోంది.

"ఏటే ఎర్రమ్మా, గుంట ఉజ్జోగానికే ఎల్లిందా, ఇంకెక్కడికైనా ఎల్లిందా? పెళ్ళి కాకుండా ఈ వాంతులేటే?"

అమ్మ ఆమె వైపు చూడలేదు. పైడి వీపు నిమురుతూనే ఉంది. కానీ ఆ మాట విన్నాక నిమిరే చెయ్యి ఒక్క క్షణం ఆగింది. అది నేను చూశాను, పైడికి తెలిసింది.

పెరట్లో నూతి పళ్ళెం మీద కూర్చుని పైడి నాతో మెల్లగా చెప్పింది. "కళ్ళు అంటే కళ్ళే కనబడతన్నాయి అప్పా. అమ్మ కళ్ళ గుంటల్లోంచి పచ్చగా కాయలు. తొడిమలతో. సీము కారతంది. అమ్మని అలగ సూడనేను."

ఆసుపత్రిలో కూడా అంతేనట. తల పగిలిపోతోందని ఒక రోగి అంటే ఆ పగులు కనబడుతుంది. ప్రాణం తోడేస్తున్నట్టుందని ఒక ముసలామె చెయ్యి పట్టుకుంటే, విడిపించుకుని బాత్‌రూమ్‌కి పరిగెత్తిందట. ఇంగ్లీషులో మాట్లాడే డాక్టర్లతో మాత్రం ఏ ఇబ్బందీ లేదు, వాళ్ళు సాదాగానే మాట్లాడతారు. మనవాళ్ళు ఎవరూ సాదాగా మాట్లాడరేటి అప్పా అని అడిగింది.

ఇంగ్లీషువాళ్ళ గొంతులో కప్ప పడితే మా అమ్మ గొంతులో వెలక్కాయ పడేది. రెండూ ఒక రకం మాటలేనని తొమ్మిదో తరగతిలో నాకెవరూ చెప్పలేదు. ఆ విద్య మా ఇంట్లో పొయ్యి దగ్గరే ఉందని తెలిసి ఉంటే, కప్పని చూసి నేను ఆసుపత్రికి పరిగెత్తేదాన్ని కాదు. పెద్దయ్యాక నేనూ పైడికి ఆ మాట చెప్పలేదు. చెవి వెనక పట్టీ అంటించాను.

సోమవారం డాక్టర్‌గారికి అంతా చెప్పాను. తప్పు నా టేపులో ఉందనీ, పట్టీ బస్టాండు మాటల్నే నిజం అనుకుంటోందనీ, మనుషులు ఇంట్లో మాట్లాడుకునేదంతా దానికి కుళ్ళుగా తోస్తోందనీ చెప్పాను. ఆయన అరటిపండు తింటూ విన్నారు. ముఖం వెలిగింది.

"అంటే తెలుగులో కూడా పని చేస్తోందన్నమాట" అని, నా చేతిలోని పుస్తకం తీసుకుని తనే రాసుకున్నారు.

టేపు మార్చమన్నాను. ఇప్పుడు మారిస్తే ఇన్నాళ్ళ ఫలితాలూ పాడైపోతాయన్నారు. మా చెల్లికి దారేమిటి అంటే, ఇంట్లోవాళ్ళని కాస్త తిన్నగా మాట్లాడమను నరసమ్మా, అదీ ఒక మంచి అలవాటే కదా అన్నారు. జూలై నుంచి నాలుగు హైస్కూళ్ళలో తొమ్మిదో తరగతి పిల్లలకి పెడుతున్నామనీ, బకెట్లు ఇంకా కావాలనీ చెప్పారు. పండు తొక్కని పక్కనున్న బకెట్లో వేశారు. అందులో అప్పటికే ఎవరో కక్కి ఉన్నారు. తొక్క తేలింది.

ఆ వారమే మానేశాను. ఆ నాలుగు స్కూళ్ళకీ వెళ్ళి హెడ్మాస్టర్లకి చెప్పాను. ఇద్దరు విని, పట్టీలు వద్దని కాగితం రాసిచ్చారు. మిగతా ఇద్దరూ మీ చెల్లికి ఎన్ని మార్కులొచ్చాయని అడిగారు.

ఇంటికి చేరేసరికి అమ్మ వంటింట్లో ఒక్కతే ఉంది. పప్పు మెదుపుతోంది. పక్కన నా పాత ఫోన్ మోగుతోంది. అందులోంచి నా టేపు వినబడుతోంది. పైడికి ఎందుకలా అవుతోందో చెప్పాక, ఏ మాటలు పడతాయో తెలుసుకుందామని అమ్మ అడిగితే, నేనే పోయినసారి ఎక్కించి ఇచ్చాను. ఒక్కో వాక్యం వింటోంది, ఆపుతోంది, నోట్లో తిప్పుకుంటోంది.

"అన్నం ఉంది. పప్పు ఉంది. చేతులు కడుక్కుని భోజనం చేయగలరు" అంది అమ్మ, పప్పుగుత్తితో. తరవాత నన్ను చూసి సిగ్గుపడింది. సరిగ్గా అంటన్నానా అని అడిగింది.

నాకు వీపు మీద పురుగు పాకినట్టయింది. బాగానే అంటున్నావన్నాను.

పైడి రెండు వారాలకొకసారి వచ్చేది. అమ్మ ఆమెతో అలాగే మాట్లాడేది. నీళ్ళు కాగాయి. దుప్పటి ఉతికినది. నీ బస్సు నాలుగు గంటలకి ఉంది. పైడి అన్నం తినగలిగేది, ఒళ్ళు కాస్త తేరుకుంది. తింటున్నంతసేపూ అమ్మ పెదవులు గట్టిగా బిగించుకుని కూర్చునేది, లోపలున్నదేదో జారిపడుతుందేమోనని. నేను ఆ ఇద్దరినీ చూడలేక నూతి దగ్గరికి పోయేదాన్ని.

వేసవి చివర్లో, మా ఇంట్లోనే ఉండే అమ్మమ్మ పోయింది, ఉదయం ఆరింటికి, వరండాలో చాప మీద. పైడి తొమ్మిదింటి బస్సుకి వచ్చింది. అప్పటికి వాకిలినిండా ఆడవాళ్ళు. అందరూ అమ్మ కోసం చూస్తున్నారు. ఇన్నేళ్ళూ ఊళ్ళో చావులన్నిటికీ ఏడ్చిన మనిషి, సొంత తల్లికి ఎలా ఎత్తుకుంటుందో వినాలని పక్క ఊళ్ళోంచి కూడా వచ్చారు.

అమ్మ శవం తల దగ్గర కూర్చుంది. జుట్టు విప్పుకుంది. గుండె మీద చెయ్యి వేసుకుని నోరు తెరిచింది. అప్పుడు పైడి జనాన్ని తప్పించుకుని వచ్చి, అమ్మమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని, ఆ కాళ్ళు పట్టుకుంది.

అమ్మ తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. పైడిని చూసింది.

"మా అమ్మ చనిపోయింది" అంది. ఆ టేపు గొంతుతో. "ఉదయం ఆరు గంటలకి చనిపోయింది. వయసు డెబ్బై ఎనిమిది సంవత్సరాలు. నాలుగు రోజుల నుంచి జ్వరం ఉంది."

కళ్ళకి కొంగులు సిద్ధం చేసుకున్న ఆడవాళ్ళు వాటిని దించేశారు.

"ఆవిడికి ఇద్దరు పిల్లలు" అంది అమ్మ. "ఒకరు ముందే చనిపోయారు. నేను ఉన్నాను."

ఎవరికీ ఏడుపు రాలేదు. వెనక ఎవరో నవ్వు ఆపుకున్న చప్పుడైంది. సూరమ్మ, ఏటే ఎర్రమ్మా, కన్నతల్లికి కరెంటోడి కబురు సదువుతన్నావేటే అంది. అమ్మ పట్టించుకోలేదు. పైడి కక్కకుండా కూర్చోగలుగుతోందా లేదా అన్నదొక్కటే చూస్తోంది. పైడి కూర్చోగలిగింది. అమ్మమ్మ కాళ్ళ మీద తల ఆనించింది.

నేను దొడ్లోకి వెళ్ళి గోడ పట్టుకుని కక్కాను. నా చెవి వెనక ఏ పట్టీ లేదు. తొమ్మిది నెలలు ఇతరుల వాంతులు ఎత్తిపోసి ఒక్కసారీ కక్కనిదాన్ని, మా అమ్మ పలికిన ఆ ఉన్నదున్న మాటలకి కక్కాను. ఎంతకీ ఆగలేదు.

మధ్యాహ్నం దహనం అయింది. స్నానాలయ్యాయి, చుట్టాలు వెళ్ళిపోయారు. పైడి వరండాలో స్తంభానికి ఆనుకుని ఉంది. అమ్మ కనబడలేదు. గడ్డివాము వెనక నుంచి సన్నగా ఏదో వినబడింది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. బట్ట అడ్డం ఉన్నా మాటలు తెలుస్తున్నాయి.

ఎండకి నా గొడుగువైనావమ్మా. గొడుగు మడిసి పోనావా. నీ సేతులు నాకు అన్నం కుండలే. బోర్లించి పోనావా.

పైడి ముఖం తెల్లబడింది. గొంతు ఎగదన్నింది. నేను గబగబా లేచాను, ఆమెని ఇంట్లోకి తీసుకెళ్ళి తలుపు వెయ్యాలని. పైడి నా చెయ్యి విడిపించుకుంది. నూతి దగ్గరికి వెళ్ళి, బోర్లించి ఉన్న బకెట్ తీసుకుంది. రెండు చేతులా దాన్ని పొట్టకి అదుముకుని, దారిలో ఒకసారి ఆగి కక్కి, గడ్డివాము వెనక్కి నడిచింది.

అమ్మ ఆమెని చూసి ఉలిక్కిపడి, కొంగు తీసి, కళ్ళు తుడుచుకుంది. "ఏమీ లేదు. ఇంట్లో కూర్చో. భోజనం ఉంది" అని మొదలుపెట్టింది.

పైడి ఆమె పక్కన నేల మీద కూర్చుంది. బకెట్ ఒళ్ళో పెట్టుకుంది.

"అలగ కాదు" అంది. "నీలాగ ఏడు. నాను కక్కుకుంటాను. నువ్వు ఏడు."

అమ్మ జుట్టు మళ్ళీ విప్పుకుంది. తరవాత నోరు తెరిచింది. ఈసారి కొంగు అడ్డం పెట్టుకోలేదు. గొంతు వీధిదాకా వెళ్ళింది. ఎదురింట్లో సూరమ్మ తలుపు తెరుచుకున్న చప్పుడు వినబడింది, ఆమె ఏడుపు కూడా కాసేపటికి కలిసింది. పైడి కక్కుతోంది, మధ్యమధ్య తల ఎత్తి వింటోంది, మళ్ళీ వంగుతోంది. అమ్మ ఒక చేత్తో గుండె మీద కొట్టుకుంటూ రెండో చేత్తో పైడి నుదురు పట్టుకుంది.

నేను వెళ్ళి పైడి జడ వెనక్కి పట్టుకున్నాను. బకెట్ నిండితే పారబోసి, కడిగి, మళ్ళీ తెచ్చి పెట్టాను.